వైర్‌లెస్ కెమెరాకి ఎన్ని వైర్లు?

పోయిన వేసవిలో మా ఊళ్లో, అంటే నరసన్నపేట నుంచి కాస్త లోపలికి ఉన్న పల్లెలో, మా పెరట్లో బోరు మోటారుకి వేసిన రాగి వైరుని రాత్రికి రాత్రి ఎవరో కోసుకుపోయారు. డబ్బు లెక్కన చూస్తే పెద్ద నష్టమేం కాదు. కాని అప్పటికి నాలుగు నెలల ముందే రెండున్నర వేలు పెట్టి కొన్న వైర్‌లెస్ కెమెరా ఆ పెరటి గోడ మీదే ఉంది, సరిగ్గా మోటారు వైపే చూస్తూ ఉంది, అదీ నా కడుపుమంట. పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి "కెమేరాలో చూడరా, ఎవడో తెలుస్తాది" అంది. విశాఖలో బస్టాపులో నిలబడి యాప్ తెరిచాను. రికార్డింగు ఉన్నంత మేర నీలం గీత కనిపిస్తుంది అందులో. ఒంటిగంటా పన్నెండుకి గీత తెగింది. మళ్లీ నాలుగూ ముప్పై ఎనిమిదికి అతుక్కుంది. మధ్యలో బూడిద రంగు.

ఆ మూడున్నర గంటలు ఊళ్లో కరెంటు లేదు. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే నా తెలివికి నాకే నవ్వొచ్చింది. కరెంటు ఉండగా మోటారు వైరు కోసే పిచ్చివాడెవడు? వాడు కరెంటు పోయేదాకా ఆగుతాడు, నా కెమెరా కూడా సరిగ్గా అప్పుడే కళ్లు మూసుకుంటుంది. అంటే ఆ దొంగతనం ఒక్కటే జరగడానికి వీలున్న సమయంలో, అది ఒక్కటే చూడలేని యంత్రాన్ని నేను ఏరి కోరి కొన్నాను.

అప్పట్నుంచి ఈ విషయం మీద నాకు పట్టుదల వచ్చింది. మా ఇంటికే కాక చుట్టాలవి, స్నేహితులవి ఓ అయిదారు ఇళ్లకి కెమెరాలు పెట్టాను, తీశాను, మార్చాను. వైజాగ్‌లోనో హైదరాబాదులోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల్ని వదిలినవాళ్లు, తాళం వేసిన ఇల్లు వదిలినవాళ్లు మా జిల్లాలో ఇంటికొకరు ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. మోడళ్ల పేర్లు చెప్పను, అవి ఆరు నెలల్లో మారిపోతాయి.

ముందు ఆ 'వైర్‌లెస్' అనే మాట సంగతి తేల్చుకోవాలి. ఏ కెమెరాకైనా మూడు పనులు జరగాలి: కరెంటు అందాలి, బొమ్మ అక్కణ్ణుంచి బయటికి వెళ్లాలి, వెళ్లిన బొమ్మ ఎక్కడో భద్రంగా ఉండాలి. డబ్బా మీద రాసే వైర్‌లెస్ ఈ మూడింట్లో రెండోదానికి మాత్రమే వర్తిస్తుంది. బొమ్మ గాల్లో వెళ్తుంది, సరే, కాని అడాప్టర్ వైరు ప్లగ్గు దాకా రావాల్సిందే. చాలామంది డబ్బా విప్పాక ఆ వైరు చూసి "ఇదేంటండీ, వైర్‌లెస్ అన్నారు కదా" అని షాపువాడితో గొడవపడతారు. షాపువాడి తప్పేం లేదు, మాటే అలాంటిది.

నిజంగా ఏ వైరూ లేనివి బ్యాటరీ కెమెరాలు. వాటి పద్ధతి వేరు. ఇవి మామూలుగా ఇరవై నాలుగు గంటలూ రికార్డు చేయవు, చేస్తే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. నిద్రపోతూ ఉంటాయి, ఎదురుగా వేడి వస్తువు కదిలితే పీఐఆర్ సెన్సర్ లేపుతుంది, లేచి రికార్డు చేసి మళ్లీ పడుకుంటాయి. ఆ లేవడానికి క్షణమో రెండు క్షణాలో పడుతుంది, చురుగ్గా నడిచేవాడైతే మీకు దొరికేది వాడి వీపు. ఇంకోటి, ఈ సెన్సర్ పట్టుకునేది మనిషి ఒంటి వేడికీ వెనకాల ఉన్న గోడ, నేల వేడికీ మధ్య ఉన్న తేడాని. మే నెల మధ్యాహ్నం మన దగ్గర గోడ కూడా ఒంటి వేడికి వచ్చేస్తుంది, అప్పుడు దానికి మనిషి సరిగ్గా ఆనడు. పైగా కెమెరాకి అడ్డంగా నడిచేవాణ్ణి పట్టినంత బాగా, నేరుగా దాని మీదికే వచ్చేవాణ్ణి పట్టలేదు. ఇవన్నీ తెలిసి పెట్టుకుంటే బ్యాటరీ కెమెరా మంచిదే, ప్లగ్గు లేని జీడితోట షెడ్డుకో, చిన్న సోలార్ పలకతో కళ్లంలో పాకకో. ఇంటి ముఖద్వారానికి మాత్రం నేను పెట్టను.

కరెంటు సంగతి

నా మంట అంతా ఇక్కడే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. వైఫై కెమెరా ఒక్కోటి అయిదు వాట్లు, మహా అయితే పది తింటుంది. రూటర్ ఓ పది వాట్లు. ఫైబర్ కనెక్షన్ అయితే గోడకి బిగించిన ఆ తెల్ల పెట్టె కూడా కరెంటు మీదే నడుస్తుంది, కొన్ని ఇళ్లలో అదే రూటర్, కొన్నింట్లో రెండూ వేర్వేరు. రెండు కెమెరాలూ రూటరూ పెట్టె అన్నీ కలిపినా ముప్పై నలభై వాట్లు దాటదు, ఒక ఫ్యాను తినేదానికన్నా తక్కువ. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న ఇంట్లో ఇది లెక్కలోకే రాదు.

మరి మా ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా కెమెరా ఎందుకు ఆగిపోయింది? ఇన్వర్టర్ లైను హాల్లో ఫ్యానుకీ, పడగ్గదికీ, వంటింటి లైటుకీ మాత్రమే ఇచ్చారు. రూటర్ పెట్టిన ప్లగ్గు టీవీ లైను మీద ఉంది. పెరటి ప్లగ్గు మోటారు లైను మీద ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు ప్లగ్గుల్ని ఇన్వర్టర్ లైనుకి మార్చడానికి గంట కూడా పట్టలేదు. కెమెరా కొన్న రోజే ఆ గంట ఖర్చుపెట్టి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదేమో.

ఇన్వర్టర్ లేనివాళ్లకి రూటర్ యూపీఎస్ అని అరచేతిలో పట్టే చిన్న పెట్టెలు దొరుకుతాయి, 12 ఓల్టులవి. రూటర్‌కీ వాటికీ ఓల్టులు, పిన్ను సరిపోయాయో లేదో చూసి తీసుకోండి. చాలా ఇండోర్ కెమెరాలు 5 ఓల్టుల మీద, యూఎస్‌బీ వైరుతో నడుస్తాయి, వాటికి వేరే ఏర్పాటు కావాలి. అన్నట్టు, తుఫాను రోజుల్లో ఇవేవీ చాలవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్ టవర్లు కూడా పనిచేయలేదు. అలాంటప్పుడు ఇంటికి ఏమైందో కెమెరా చెప్పదు, పక్కింటివాళ్లు చెప్పాలి. ఆ మేరకి ఆశ తగ్గించుకోవాలి.

గాల్లో దారి

ఎక్కువ కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. దానికి వేగం తక్కువైనా గోడల్ని దాటే గుణం ఎక్కువ. మీ రూటర్ 2.4, 5 రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే, ఫోన్ 5 మీద ఉండి, కెమెరా 2.4 కోసం వెతుక్కుంటూ, "డివైస్ దొరకలేదు" అని అరగంట సేపు విసిగిస్తుంది. నాకు ఈ ఒక్క సమస్య మీద ఎన్ని ఫోన్లు వచ్చాయో. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

గోడలన్నీ ఒకటి కాదు. శ్రీకాకుళం పాత ఊళ్లోనూ, విజయనగరం కోట చుట్టుపక్కలా పాత మిద్దె ఇళ్ల గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటాయి, రెండు అలాంటివి దాటాక వైఫై ఊపిరాడక చస్తుంది. శ్లాబులో ఇనుప ఊచలు ఉంటాయి కాబట్టి కింద రూటర్, మేడ మీద కెమెరా అంటే కష్టం. ఇనుప రేకుల షెడ్డు అయితే చెప్పక్కర్లేదు, రేకు అసలు దాటనివ్వదు. యాప్‌లో సిగ్నల్ గీతల్ని నమ్మకండి, అంకె చూడండి: మైనస్ 50 డీబీఎం అంటే బాగుంది, మైనస్ 67 దాకా వీడియో నడుస్తుంది, మైనస్ 75 అంటే రాత్రంతా తెగుతూ అతుక్కుంటూ ఉంటుంది.

గోడకి కన్నం పెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. 5 ఓల్టుల కెమెరా అయితే పవర్ బ్యాంకుకి తగిలించి, అనుకున్న చోట నిచ్చెన మీద టేపుతో అంటించి, తలుపులన్నీ మూసేసి, ఒక రాత్రి అలా వదిలేయండి. పొద్దున్న రికార్డింగు ఎన్నిసార్లు తెగిందో చూస్తే ఆ చోటు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. మా మావయ్య ఇంట్లో ఇలా చేస్తేనే తెలిసింది, వీధి గేటు దగ్గర పగలు బాగా వచ్చే సిగ్నల్, రాత్రి ఇనుప షట్టర్ దించగానే పోతోందని.

సిగ్నల్ చాలకపోతే రిపీటర్ కొనమంటారు. చవక రిపీటర్ ఒకే రేడియోతో వింటూ, మళ్లీ చెబుతూ ఉంటుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. దానికన్నా రూటర్ నుంచి ఒక ల్యాన్ వైరు లాగి అవతల గదిలో ఇంకో రూటర్ పెట్టుకోవడం ఎంతో మేలు. అసలు అంత దూరం ల్యాన్ వైరు లాగగలిగితే, ఆ వైరు చివర పీఓఈ కెమెరానే పెట్టేయండి, కరెంటూ బొమ్మా ఒకే తీగలో వెళ్తాయి, రూటర్ దగ్గరున్న ఒక్క ప్లగ్గుకి ఇన్వర్టర్ ఉంటే సరిపోతుంది. వైర్‌లెస్ గురించి రాస్తూ ఇలా అంటున్నాడేంటి అనుకోకండి, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. కట్టేసిన ఇంట్లో గోడలు తవ్వలేనప్పుడే వైఫై.

ఇంటర్నెట్టే లేని చోట, తోటలో, చెరువు గట్టున, సిమ్ వేసే 4జీ కెమెరాలు ఉన్నాయి. సెకనుకి ఒక మెగాబిట్ వాడే కెమెరాని గంట సేపు లైవ్‌లో చూస్తే 450 ఎంబీ ఖర్చు. రోజుకి రెండు జీబీ ప్లానులో నాలుగు గంటలు దాటగానే డేటా అయిపోతుంది. ఊరికే చూస్తూ కూర్చోకుండా, ఏదైనా జరిగినప్పుడు మాత్రమే తెరిస్తే సరిపోతుంది.

ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడక్కండి

షాపులో మొదటి మాట "రెండా, మూడా, అయిదా?" అనే. అడగాల్సింది అది కాదు. మీకు కావలసింది "ఎవరో వచ్చారు" అని తెలియడమా, "వచ్చింది ఫలానావాడు" అని తెలియడమా? ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. సీసీటీవీ ప్రమాణాల్లో దీనికో లెక్క ఉంది: కొత్త మనిషి ముఖం అనుమానం లేకుండా గుర్తుపట్టాలంటే అతను నిలబడ్డ చోట మీటరు వెడల్పుకి 250 పిక్సెళ్లు ఉండాలి. ఎవరో మనిషి ఉన్నాడని తెలియడానికైతే 25 చాలు.

మామూలు రెండు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్ల పైచిలుకు. అంటే దృశ్యం వెడల్పు అంతకన్నా పెరిగితే ముఖం పోయినట్టే. ఎక్కువ కెమెరాల్లో ఉండే 2.8 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు వంద డిగ్రీల వెడల్పు చూస్తుంది, దాని ముందు పది, పదకొండు అడుగుల దూరానికే దృశ్యం అంత వెడల్పు అయిపోతుంది. పదకొండు అడుగులు దాటితే వాడు చొక్కా, లుంగీ, ఒక నడక, అంతే. పోనీ అని నాలుగు మెగాపిక్సెళ్లకి వెళ్తే? పద్నాలుగు అడుగులు. రెట్టింపు మెగాపిక్సెళ్లకి దక్కింది మూడడుగులు! అదే రెండు మెగాపిక్సెళ్లలోనే 6 మిల్లీమీటర్ల లెన్సు తీసుకుంటే పాతిక అడుగుల దాకా ముఖం ఆనుతుంది, కాకపోతే పక్కలకి ఏమీ కనిపించదు.

కాబట్టి గేటుకి పొడవు లెన్సు ఒకటి, వరండాకి వెడల్పు లెన్సు ఒకటి. ఒకే కెమెరాతో పెరడంతా, వీధంతా, పక్క సందు కూడా చూసేద్దామంటే మీకు దొరికేది ఓ చీమల బొమ్మ. తల తిప్పే కెమెరాలు చాలామందికి ఇష్టం. నాకు పెద్ద నమ్మకం లేదు, అది ఎప్పుడూ అటు తిరిగి ఉన్నప్పుడే ఇటు జరుగుతుంది.

ఎత్తు ఎనిమిది, తొమ్మిది అడుగులు. ఇంకా పైకి పెడితే బట్టతలలు, టోపీలు రికార్డవుతాయి. మరీ కిందికి పెడితే చెయ్యి చాచి మెడ తిప్పేస్తారు. ఇక మన వాస్తు ఇళ్ల సమస్య ఒకటుంది. తూర్పు ముఖం ఇంటి గుమ్మానికి పెట్టిన కెమెరా పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా సూర్యుణ్ణి నేరుగా చూస్తుంది, పాలవాడు, పేపరువాడు, పనిమనిషి అందరూ నల్లటి నీడలే. వెలుగూ నీడా రెండూ కనిపించేలా సర్దే డబ్ల్యూడీఆర్ ఉన్న మోడల్ అయితే కొంత నయం, దాన్ని చూరు కిందకి జరిపి కొంచెం నేలవైపు వంచితే ఇంకా నయం.

రాత్రి బొమ్మ గురించి ఒక ముక్క. చీకట్లో కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలతో వెలుగు వేసుకుంటుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు, 850 నానోమీటర్లవైతే సన్నగా ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి, 940వి అస్సలు కనిపించవు. రాత్రి కెమెరా చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు చేరుతుంది, లెన్సుకి అడ్డంగా గూడు అల్లుతుంది. అంగుళం దూరంలో ఉన్న ఆ దారం ఇన్‌ఫ్రారెడ్ పడి ట్యూబ్‌లైటులా మెరుస్తుంది, వెనకాల ప్రపంచమంతా నలుపు. మా పెరటి కెమెరాలో ఓ రాత్రి రెండొందల పైచిలుకు అలర్టులు వచ్చాయి, తెరిచి చూస్తే తెల్లటి తాడు ఊగుతోంది, దాని మీద టెన్నిస్ బంతంత సాలీడు తీరిగ్గా నడుస్తోంది. వారానికోసారి చీపురు పుల్లలతో దులపడం అమ్మ పనుల్లో చేరింది. అద్దం కిటికీ లోపల కెమెరా పెట్టి బయటికి చూపిస్తే కూడా ఇంతే, రాత్రి అద్దం మీద దాని వెలుగే దాని కంట్లో పడుతుంది. నేనైతే ఆ ఎల్‌ఈడీలు ఆపేసి, కాస్త దూరంగా తొమ్మిది వాట్ల బల్బు ఒకటి రాత్రంతా వెలిగిస్తాను. రంగుల్లో కనిపిస్తుంది, చొక్కా ఎరుపో నీలమో తెలుస్తుంది, దొంగకీ వెలుగంటే పడదు.

అలర్టుల విషయంలో చాలామంది చేసేది, మొదటి వారం అన్నీ చూడడం, రెండో వారం విసుగెత్తి నోటిఫికేషన్లు ఆపేయడం. కొబ్బరి మట్ట ఊగినా, కుక్క వెళ్లినా, ఆవు వచ్చి గేటుకి మెడ గోక్కున్నా మోగితే ఎవరైనా అంతే చేస్తారు. మనిషి ఆకారాన్ని మాత్రమే పట్టే సెట్టింగు ఉంటే అది వేయండి, చెట్లున్న భాగాన్ని యాప్‌లో గీత గీసి తీసేయండి, రాత్రి పదకొండు నుంచి అయిదు దాకా మాత్రమే మోగేలా పెట్టండి. రోజుకి రెండు అలర్టులు వస్తే చూస్తారు, ఇరవై వస్తే చూడరు.

బొమ్మ ఎక్కడ దాచాలి

సెకనుకి రెండు మెగాబిట్ల చొప్పున ఆపకుండా రికార్డు చేస్తే రోజుకి ఇరవై ఒక్క జీబీ దాటుతుంది. 64 జీబీ కార్డు మూడు రోజుల్లో నిండుతుంది, 128 అయితే అయిదారు రోజులు, ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. వీడియోని ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతి ఉన్న కెమెరా అయితే దాదాపు సగం చోటుతో సరిపెడుతుంది. ఈ లెక్క ఎందుకంటే, మీరు సంక్రాంతికి వచ్చి వెళ్లి, పది రోజుల తర్వాత బీరువాలో ఏదో పోయిందని అమ్మ చెబితే, అప్పటికి కార్డులో ఆ రోజు ఉండదు. ఫోనుకి వాడే మామూలు కార్డు రాత్రీ పగలూ రాస్తూ ఉంటే ఏడాది తిరక్కుండా చచ్చిపోవచ్చు, అది చచ్చిన సంగతి కూడా చెప్పదు. సీసీటీవీ కోసమే చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డులు ఉన్నాయి, అవి తీసుకోండి.

కార్డుతో ఉన్న చిక్కు, దొంగ కెమెరా పీక్కుపోతే సాక్ష్యం కూడా వాడి సంచిలోనే పోతుంది. క్లౌడ్ (ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్) అయితే బొమ్మ అప్పటికే బయటపడి ఉంటుంది, కాని నెలనెలా డబ్బు కట్టాలి, ఇంటర్నెట్ ఉండాలి. రెండూ ఉండడం మంచిది. ఆపకుండా రికార్డింగు కార్డులో, మనిషి కనిపించిన ముక్కలు మాత్రం క్లౌడ్‌లో. నాలుగైదు కెమెరాలు పెట్టేవాళ్లు అన్ని కెమెరాల బొమ్మా ఒకేచోట దాచే ఎన్‌వీఆర్ పెట్టెతో వచ్చే కిట్ చూడొచ్చు, దానికి ఇంటర్నెట్ లేకపోయినా సొంత వైఫై ఉంటుంది. ఒక టెరాబైటు డిస్కులో నాలుగు కెమెరాలవి పదకొండు రోజులు పడతాయి. ఆ పెట్టెని టీవీ కింద అందరికీ కనిపించేలా పెట్టకండి మరి.

ఇక్కడే విజయనగరం స్నేహితుడి కథ. సిరిమానోత్సవం రోజు ఇంటిల్లిపాదీ తాళం వేసి, మూడు లాంతర్ల దగ్గర జనంలో నిలబడ్డారు. "కెమెరా ఉంది కదా, ఫోన్లో చూస్తుంటాను" అని ధీమా. లక్షల మంది ఒకే చోట చేరితే ఫోన్లో డేటా ఎక్కడ పనిచేస్తుంది? మధ్యాహ్నం మూడింటి అలర్టు రాత్రి ఎనిమిదికి వచ్చింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. అదృష్టం, వచ్చింది పిల్లి. ఫోన్లో చూడడాన్ని కాపలా అనుకోకూడదని వాడికి ఆ పూట తెలిసొచ్చింది. ఊరికి వెళ్లేవాళ్లు ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. మన రాష్ట్రంలో పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని తాళం వేసిన ఇళ్ల నిఘా పద్ధతి తెచ్చారు, ముందుగా చెబితే వాళ్లే వచ్చి ఉచితంగా కెమెరా పెట్టి, వాళ్లే చూసుకుంటారు. వెళ్లే ముందు మీ స్టేషన్లో అడగండి.

మన కెమెరాలో మనల్ని చూసేవాళ్లు

2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాల్లో, డీవీఆర్ అనే రికార్డింగు పెట్టెల్లో దూరింది. పెద్ద తెలివేం వాడలేదు, కంపెనీ పెట్టిన పాస్‌వర్డుల పట్టిక ఒకటి దగ్గర పెట్టుకుని ఒక్కోటీ కొట్టి చూసింది, జనం మార్చలేదు కాబట్టి తెరుచుకున్నాయి. ఆ అక్టోబరు 21న వాటిలో చాలావాటిని ఒకేసారి ఉసిగొల్పితే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. కాబట్టి పాస్‌వర్డు మార్చండి, ఓటీపీ అడిగే రెండో తాళం వేయండి. ఇంట్లో నలుగురికీ ఒకే లాగిన్ ఇవ్వకుండా యాప్‌లో 'షేర్' ద్వారా ఇవ్వండి, రేపు ఎవరినైనా తీసేయాలన్నా సులువు. రూటర్లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే కెమెరాలన్నీ అందులో పడేయండి, కెమెరాలోకి ఎవడైనా దూరినా మీ ల్యాప్‌టాప్ దాకా రావడం కష్టం. కొనేటప్పుడు ప్రభుత్వ నాణ్యత ముద్ర అయిన బీఐఎస్ గుర్తు, నంబరు చూడండి. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకి సాఫ్ట్‌వేర్ భద్రత పరీక్ష కూడా తప్పనిసరి చేశారు, పాత సరుకు చవగ్గా ఇస్తామంటే ఎందుకిస్తున్నారో ఆలోచించండి.

అవతలి వైపు కూడా ఉంది. మన కెమెరా పక్కింటి నూతి దగ్గరికో, వాళ్ల స్నానాల గది తలుపు మీదికో చూడకూడదు. అది మర్యాద సంగతే అనుకోకండి, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ వరకూ వెళ్తుంది. యాప్‌లో ఆ భాగానికి నలుపు పట్టీ వేసే వీలుంటుంది. వేసి, పక్కింటివాళ్లని పిలిచి చూపించండి కూడా.

ఇంటి లోపల? నేను మొదట హాల్లో కూడా ఒకటి పెట్టాను, అమ్మ పడిపోతే తెలుస్తుందని. మూడో రోజు మధ్యాహ్నం నా ఫోన్లో ఆకుపచ్చ చారల తువ్వాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఫోన్ చేస్తే "ఎర్రగా నన్నే చూస్తందిరా అది, నడుం వాల్చనియ్యదు" అంది. వారం రోజులు తువ్వాలు వేసుకుంటూ తీసుకుంటూ గడిపింది. నేనే వెళ్లి తీసేసి, దాన్నే పెరటి వరండాకి మార్చాను. ఆ మార్పు నేను కాక ఆవిడ చేయాల్సింది, మొదటి రోజే అడిగి ఉంటే.

కేసు దాకా వెళ్లాల్సి వస్తే, ఫోన్ తెర మీద ఆడుతున్న వీడియోని ఇంకో ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపకండి. యాప్ నుంచి అసలు ఫైలు దించుకోండి, ఆ వెంటనే కార్డు తీసి పక్కన పెట్టండి, లేకపోతే దాని మీద కొత్తది రాసేసుకుంటుంది. కోర్టులో ఇలాంటి రికార్డుకి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, పాత చట్టంలో 65బీ అనేవారు. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో ఇవాళే చూసుకోండి, అయిదున్నర గంటలు వెనక నడిచే కెమెరాలు నేనే రెండు చూశాను, టైమ్‌జోన్ మార్చకపోవడం వల్ల.

సముద్రం దగ్గరగా, కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఉన్నవాళ్లకి ఉప్పుగాలి బెడద అదనం. ఐపీ66 అని రాసి ఉంటే నీళ్లకి ఆగుతుంది గాని ఉప్పుకి ఆ అంకె ఏమీ చెప్పదు. కెమెరా బాగానే ఉంటుంది, వైరు కలిసే పిన్ను పచ్చగా చిలుము పట్టి చస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడి, జాయింటుని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, వైరుని పెట్టెలోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడేలా వంచితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

ఇప్పుడు మా పెరట్లో కొత్త మోటారు వైరు పైపులో పెట్టి భూమిలో పాతేశాం, దానికైన ఖర్చు కెమెరా కన్నా తక్కువ. కెమెరా మాత్రం అలాగే ఉంది. నెలకోసారి, సాధారణంగా ఆదివారం రాత్రి, అమ్మ మీటరు దగ్గర మెయిన్ దించేసి, పెరట్లోకి వెళ్లి కెమెరా ముందు చెయ్యి ఊపుతుంది, విశాఖలో నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. మొన్న కూడా ఊపింది. "కనిపిస్తన్నానా?" కనిపిస్తున్నావన్నాను. "వెనకాల మోటారు?" అదీ కనిపిస్తోందన్నాను. "సరే, దోమలు కుడతన్నాయి, లోపలికెల్తాను" అని వెళ్లి మెయిన్ వేసేసింది.